పరమాణువులు ఉన్నాయని ఎలా నమ్మారు? పెర్రిన్ లెక్కపెట్టిన రేణువుల కథ

నమస్కారం. పరమాణువులు ఉన్నాయని ఇవాళ మనకు అనుమానమే లేదు. కానీ 1900 ప్రాంతంలో వియన్నాలో ఎర్నస్ట్ మాక్, జర్మనీలో విల్హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ లాంటి పెద్ద శాస్త్రవేత్తలే వాటిని ఒప్పుకోలేదు. లెక్క కుదరడానికి పెట్టుకున్న ఊహ, అంతకు మించి ఏమీ లేదు అనేవారు. శాస్త్రీయ వాస్తవవాదం మీద చర్చ అంటే ఇదే. సిద్ధాంతం చెప్పే కనబడని వస్తువులు నిజంగా ఉన్నాయా, లేక పనికొచ్చే ఊహలా?

ఈ చర్చను మలుపు తిప్పింది ఒక జిగురు. గాంబోజ్ అని ఒక చెట్టు జిగురు ఉంది. పసుపు రంగు, బొమ్మలు వేసేవాళ్లు వాడతారు. 1908లో పారిస్‌లో జీన్ పెర్రిన్ అనే భౌతిక శాస్త్రవేత్త దాన్ని నీళ్లలో అరగదీశాడు. మైక్రోస్కోప్ కింద చూస్తే గుండ్రటి రేణువులు, ఒక్కక్షణం కూడా నిలకడగా ఉండవు. అన్నీ ఒకే సైజువి కావాలి కాబట్టి సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా గిరగిరా తిప్పి వేరుచేసే యంత్రం) తిప్పుతూ, వేరుచేస్తూ, మళ్లీ తిప్పుతూ పోయాడు. కిలో జిగురుతో మొదలుపెడితే, నెలల తర్వాత చేతికొచ్చింది గ్రాములో కొన్ని పదో వంతులు! ఆ ఓపిక తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాత వాటిని ఎత్తుల వారీగా లెక్కపెట్టాడు. ఒక్క విడత లెక్కలోనే సుమారు 13,000 రేణువులు. అడుగున 100 ఉంటే, 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పైన 47, ఇంకో 30 పైన 22.6, ఆ పైన 12. కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడుతుంది కదా, సరిగ్గా అదే తీరు, వెంట్రుక మందమంత నీళ్లలో. ఆక్సిజన్ సగానికి తగ్గాలంటే సుమారు 5 కిలోమీటర్లు ఎక్కాలి, ఈ రేణువులకు 30 మైక్రాన్లు చాలు. రేణువు బరువు తెలుసు కాబట్టి, ఆ నిష్పత్తితో కనబడని అణువు బరువు తేలింది. ఆకాశం నీలిరంగు నుంచి, రేడియోధార్మికత నుంచి లెక్కగట్టినా దాదాపు అదే అంకె వచ్చింది. 1909 నాటికి ఓస్ట్‌వాల్డ్ తన మాట వెనక్కి తీసుకున్నాడు.

సిద్ధాంతం నిజం కాకపోతే సైన్స్ ఇంతలా గెలవడం మహిమే అనుకోవాలి అని 1975లో తత్వవేత్త హిలరీ పుట్నం వాదించాడు. 1981లో మరో తత్వవేత్త లారీ లాడన్ దీన్ని ఎదిరించాడు. ఒకప్పుడు బ్రహ్మాండంగా పనిచేసిన సిద్ధాంతాల్లో చాలావరకు తర్వాత తప్పని తేలాయి కదా అన్నాడు. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫ్రెనెల్‌నే చూడండి. కాంతి ఈథర్‌లో, అంటే అంతటా నిండి ఉందనుకున్న కనబడని పదార్థంలో, అలలా కదులుతుందని నమ్మాడు. గుండ్రటి బిళ్ల నీడ మధ్యలో వెలుగు చుక్క ఉండాలని అతని లెక్క నుంచి తేలింది, పరీక్షిస్తే చుక్క ఉంది. ఈథర్ మాత్రం లేదు.

లాడన్ మాట బరువైనదే. కానీ ఆ చుక్కకు కావలసింది అలల సమీకరణమే, ఈథర్ కాదు. పెర్రిన్ దగ్గర అలా కాదు. అణువు అనేదే లేకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. పైగా సంబంధం లేని దారులన్నీ ఆ అంకె దగ్గరికే చేరాయి. అందుకే సిద్ధాంతం మొత్తాన్నీ కళ్లు మూసుకుని నమ్మను గానీ, ఇలా పలు దారుల్లో దొరికిన వస్తువు ఉందనే నమ్ముతాను.

ఇప్పుడు డార్క్ మ్యాటర్ (విశ్వంలో ఉందంటున్న కనబడని పదార్థం) సంగతి చూడండి. గెలాక్సీల వేగం, కాంతి వంపు, విశ్వం తొలినాళ్ల వెలుగు, మూడూ అది ఉందనే అంటున్నాయి. దాని కణం మాత్రం ఇంతవరకు ఏ డిటెక్టర్‌కీ చిక్కలేదు. మీరైతే ఉందంటారా? కామెంట్లో రాయండి, కారణంతో సహా.