వడ్డించేవాడే పంక్తిలో కూర్చుంటే

శ్రోతలకు నమస్కారం.

వడ్డించేవాడు మనవాడైతే కడ పంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఆ సామెతలో వడ్డించేవాడు వేరు, విస్తరి ముందు కూర్చున్నవాడు వేరు. ఇద్దరూ ఒకరే అయితే సంగతేమిటో మన పెద్దవాళ్లు చెప్పలేదు. ఈరోజు అలాంటి ఒక పెద్దమనిషి గురించి మాట్లాడుకుందాం. పేరు స్టీవ్ యార్‌బ్రో. ఊరు అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలో, చాండ్లర్.

చాండ్లర్ అంటే మనవాళ్లకి కొత్త ఊరేమీ కాదు. ఇంటెల్ ఫ్యాక్టరీలున్న ఊరు, తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. మా బంధువుల అబ్బాయి ఒకడు అక్కడే ఉంటాడు. ఓ ఏడాది ట్యాక్సులు కట్టే రోజుల్లో ఫోన్ చేసి, "బాబాయ్, ఇక్కడ దానం చేస్తే చేతి నుంచి రూపాయి పోదు తెలుసా" అన్నాడు. దానం చేస్తే డబ్బు పోకపోవడమేమిట్రా అన్నాను. వాడు చెప్పిన లెక్క వినండి.

వాడు రాష్ట్రానికి 2,000 డాలర్లు ఆదాయప్పన్ను కట్టాలి అనుకోండి. అందులో 1,000 డాలర్లు ఖజానాకి కట్టకుండా, ప్రైవేటు బడి పిల్లలకి స్కాలర్‌షిప్పులిచ్చే ఒక సంస్థకి ఇస్తాడు. ఆ 1,000 పన్నులోంచి పూర్తిగా తీసేస్తారు. మన దగ్గర 80జి కింద విరాళమిస్తే ఆదాయంలోంచి కొంత తగ్గిస్తారే, అలా కాదు. కట్టాల్సిన పన్నులోంచే, డాలరుకి డాలరు. అంటే వాడి జేబులోంచి పోయింది సున్నా. రాష్ట్రానికి తగ్గింది 1,000. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే ఇదే. కాకపోతే ఇక్కడ అల్లుడికి రసీదు కూడా ఇస్తారు.

ఈ చట్టం 1997లో వచ్చింది. డబ్బు పోగుచేసే సంస్థల్ని స్కూల్ ట్యూషన్ ఆర్గనైజేషన్లు అంటారు. వచ్చినదాంట్లో 90 శాతం స్కాలర్‌షిప్పులకి పోవాలి. మిగతా 10 శాతం ఖర్చుల కింద ఉంచుకోవచ్చు. ఈ 10 శాతాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

అలాంటి సంస్థల్లో బాగా పెద్దవాటిలో ఒకటి ఆరిజోనా క్రిస్టియన్ స్కూల్ ట్యూషన్ ఆర్గనైజేషన్. 1998లో మొదలైంది. దానికి చాలాకాలం ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌గా ఉన్నది యార్‌బ్రో. ఆయన లాయరు, రిపబ్లికన్ పార్టీ మనిషి. 2003లో రాష్ట్ర దిగువ సభకి వెళ్లారు, 2011లో ఎగువ సభ అయిన సెనేట్‌కి మారారు, 2017 నుంచి రెండేళ్లు సెనేట్ అధ్యక్షుడిగా చేశారు. అంటే ఆ పదహారేళ్లలో పగలు సభలో ప్రైవేటు బడుల పన్ను రాయితీ గురించి మాట్లాడిన నోరు, ఆఫీసులో ఆ రాయితీ డబ్బు అందుకున్న చెయ్యి ఒకే మనిషివి.

ఇదంతా ఎవరో గోడదూకి కనిపెట్టిన రహస్యం కాదు. అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థలు పన్నుల శాఖకి ఏటా 990 అనే ఫారం ఇవ్వాలి. దాన్ని ఎవరైనా చదవొచ్చు. ఈయన సంస్థ 2014 లెక్కలు పత్రికల్లో బాగా నలిగాయి. డైరెక్టర్‌గా ఆయన జీతం లక్ష డాలర్ల పైన. సంస్థ పనుల్లో చాలా భాగం, అంటే దరఖాస్తులు చూడటం, లెక్కలు ఎక్కించడం లాంటివి, బయట ఒక కంపెనీకి అప్పజెప్పారు. ఆ కంపెనీకి ఆ ఏడాది ముట్టింది 6 లక్షల డాలర్ల పైన. కంపెనీ ఎవరిదంటే, యార్‌బ్రోకి అందులో వాటా ఉంది. సంస్థ ఆఫీసు అద్దె ఏడాదికి 50 వేల డాలర్ల పైన. ఇంటి ఓనరు ఎవరయ్యా అంటే, యార్‌బ్రోనే.

ఆరిజోనాలో శాసనసభ్యుడి జీతం ఏడాదికి 24,000 డాలర్లు. దాన్ని పెంచుదామా అని ఓటర్లని అడిగినప్పుడల్లా వద్దన్నారు. ఆ జీతంతో ఫీనిక్స్ చుట్టుపక్కల సంసారం నడవదు. కాబట్టి ప్రతి సభ్యుడికీ పక్కన ఇంకో పని ఉండాల్సిందే. ఒకరు రైతు, ఒకరు రియల్ ఎస్టేట్, ఒకరు టీచరు. యార్‌బ్రోని సమర్థించేవాళ్లు చెప్పేదీ అదే. టీచరు సభ్యుడు టీచర్ల జీతాల మీద ఓటేయడం లేదా, రైతు నీళ్ల మీద ఓటేయడం లేదా, మరి ఈయన ఒక్కడే దొరికాడా అని. వినడానికి న్యాయంగానే ఉంది. నాకూ మొదట అలాగే అనిపించింది.

కానీ 2012లో జరిగింది చూడండి. అప్పటిదాకా ఉన్న రాయితీకి ఒక పరిమితి ఉండేది. ఆ పరిమితి నిండా ఇచ్చేసినవాళ్లు ఇంకా ఇవ్వడానికి వీలుగా, దాని పక్కనే రెండో రాయితీ తెచ్చారు. ఆ బిల్లు వెనక ఉండి నడిపించింది సెనేటర్ యార్‌బ్రో. ఒక దంపతులు సంవత్సరానికి మళ్లించగలిగే పన్ను దాంతో ఇంచుమించు రెట్టింపైంది. ఇప్పుడు రెండూ కలిపితే 2,500 డాలర్లు దాటుతోంది. టీచరు జీతం పెంపుకి ఓటేస్తే, వేలమంది టీచర్లలో ఆయనకీ ఒక పాలు వస్తుంది. ఇక్కడ అలా కాదు. గుమ్మం వెడల్పు చేస్తే లోపలికి వచ్చే ప్రతి డాలరులోనూ 10 సెంట్లు ఖర్చుల పద్దులోకి పోవచ్చు. ఆ ఖర్చులోంచే జీతం, ఆ ఖర్చులోంచే అద్దె, ఆ ఖర్చులోంచే కంపెనీకి బిల్లు. రెండూ ఒకటే అని నేను ఒప్పుకోలేను.

ఇలాంటిదాన్ని మన పత్రికలు "పరస్పర విరుద్ధ ప్రయోజనాలు" అని రాస్తాయి. క్రికెట్ బోర్డు గొడవల పుణ్యమా అని ఈ మాట మన ఇళ్లలోకి వచ్చింది. మాజీ ఆటగాడు ఒక పక్క సెలెక్షన్ కమిటీలో, ఇంకో పక్క ఐపీఎల్ టీమ్‌తో కాంట్రాక్టులో ఉంటే తప్పు కాదా అని అప్పట్లో ఛానళ్లు హోరెత్తించాయి. ఆటకే అంత పట్టింపు ఉంటే పిల్లల చదువుల డబ్బుకి ఎంత ఉండాలి?

మరి ఆరిజోనా చట్టం ఈయన్ని ఆపలేదా? ఆపలేదు. అక్కడ ఒక నిబంధన ఉంది, దాన్ని పదిమంది నిబంధన అనొచ్చు. నీకు కలిగే లాభం కనీసం పదిమంది ఉన్న ఒక వర్గానికి కూడా నీతో సమానంగా కలిగేటట్టయితే, నీకు అసలు విరుద్ధ ప్రయోజనమే లేనట్టు లెక్క. ఇక నిశ్చింతగా ఓటేయొచ్చు. ఇలాంటి ట్యూషన్ సంస్థలు ఆరిజోనాలో యాభైకి పైగా ఉన్నాయి. ఇంకేం కావాలి? పదిమందితో పాటు గోవిందా అంటే సరిపోయింది. కాబట్టి యార్‌బ్రో చట్టం తప్పారని ఎవరూ నిరూపించలేదు, నేనూ ఆ మాట అనడం లేదు. నాకు ముల్లులా గుచ్చుకునేదీ అదే. తప్పి ఉంటే కోర్టు చూసుకునేది. అంతా చట్టం లోపలే జరిగింది, ఆ చట్టం రాసిన బల్ల దగ్గర ఆయనకీ ఒక కుర్చీ ఉంది.

కోర్టు అంటే గుర్తొచ్చింది. ఆరిజోనా రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వ సొమ్ము ప్రైవేటు బడులకి, మతసంస్థల బడులకి ఇవ్వకూడదు. అందుకే 1997 చట్టం రాగానే కొందరు కోర్టుకెక్కారు. 1999లో రాష్ట్ర సుప్రీంకోర్టు 3-2 తేడాతో ఏం చెప్పిందంటే, ఈ డబ్బు ఖజానాలోకి రానే రాలేదు కదా, రానిది ప్రభుత్వ సొమ్ము ఎలా అవుతుంది అని. తర్వాత ఇంకో కేసు దేశ సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2011లో 5-4 తేడాతో తీర్పు వచ్చింది. పన్ను కట్టేవాడిగా దీన్ని ప్రశ్నించే హక్కే నీకు లేదన్నారు. ఆ కేసు పేరులో ఒక పక్క ఉన్నది యార్‌బ్రో సంస్థే. నలుగురు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. వాళ్ల తరఫున జస్టిస్ ఎలీనా కేగన్ రాసినదాని సారాంశం మా వీధి చివర కిరాణా కొట్టాయనకైనా అర్థమవుతుంది. గల్లాపెట్టెలోంచి తీసి ఇచ్చినా, రావాల్సింది రాకుండా వదిలేసినా, తగ్గేది గల్లాపెట్టే.

ఈ మలుపు అసలు కిటుకు. సొమ్ము ప్రభుత్వానిది కాదని ఒకసారి తేలిపోయాక, దాన్ని నడిపే శాసనసభ్యుడు ప్రభుత్వ సొమ్ము ముట్టుకున్నవాడూ కాకుండా పోతాడు. ఒక్క వాక్యంతో రెండు తలుపులు తెరుచుకున్నాయి.

ఈ డబ్బు ఎవరికి చేరిందన్నది ఇంకో కథ. 2009లో ఈస్ట్ వ్యాలీ ట్రిబ్యూన్ అనే స్థానిక పత్రిక లోతుగా తవ్వింది. పేదపిల్లల కోసమని చెప్పిన స్కాలర్‌షిప్పుల్లో చాలా భాగం అప్పటికే ప్రైవేటు బడిలో ఉన్న పిల్లలకే పోతోందని తేల్చింది. తల్లిదండ్రులు ఒకరికొకరు సర్దుబాటు చేసుకునేవారు. మీ అమ్మాయి పేరు నేను రాస్తాను, మా అబ్బాయి పేరు మీరు రాయండి. అచ్చం మన నోముల్లో "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం" లాగే. ఇప్పుడు ఆ సంస్థలు విరాళం అడిగేచోట ఒక హెచ్చరిక వేయాలి. సొంత బిడ్డకి లాభం కోసం మరో పన్నుదారుతో విరాళాలు మార్చుకుంటే రాయితీ చెల్లదని అందులో ఉంటుంది. తండ్రీ తండ్రీ చేసుకునే సర్దుబాటుకి ఇంత ముక్కుసూటి నిబంధన రాయగలిగిన సభ, తనలో తాను చేసుకునే సర్దుబాటు దగ్గరికి వచ్చేసరికి పదిమంది చాలంది.

ఇలాంటివాడు ఈయన ఒక్కడే కాదు. అదే సభలో ఎడ్డీ ఫార్న్స్‌వర్త్ అనే సభ్యుడికి సొంత చార్టర్ స్కూళ్లుండేవి. అవి ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటుగా నడిచే బడులు. 2018లో వాటిని ఒక లాభాపేక్ష లేని సంస్థకి అమ్మితే ఆయనకి కోటి డాలర్లకు పైనే మిగిలిందని పత్రికలు లెక్కగట్టాయి.

ఆరిజోనాలో ఇప్పుడు పెద్ద చర్చ వేరే పథకం మీద. ప్రభుత్వం నేరుగా తల్లిదండ్రుల ఖాతాలో డబ్బు వేస్తుంది, నచ్చిన బడికి కట్టుకోవచ్చు. దీన్ని అందరికీ విస్తరించే చట్టం 2017లో చేశారు. అప్పుడు సెనేట్ అధ్యక్షుడు యార్‌బ్రోనే. 2018లో ఓటర్లు 65 శాతం మంది దాన్ని కొట్టేశారు. 2022లో శాసనసభ మళ్లీ తెచ్చింది. 12 వేలమంది పిల్లలతో ఉన్న పథకం రెండేళ్లలో 75 వేలు దాటింది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ ఖాతా తీసుకున్న పిల్లవాడు ట్యూషన్ సంస్థల స్కాలర్‌షిప్పు తీసుకోకూడదు. అంటే ఇది యార్‌బ్రో సంస్థకి లాభం కాకపోగా పోటీ. అయినా ఆయన దీన్ని సమర్థించారు. ఆ నమ్మకం డబ్బు కోసమే పుట్టిందని నేననుకోను. నిజంగానే నమ్మి ఉంటారు. నమ్మకమూ రాబడీ ఒకే దారిలో నడుస్తుంటే ఏది దేన్ని లాగుతోందో ఆ మనిషికే తెలియదు. అందుకే పక్కకి తప్పుకోమనేది.

ఇదంతా చెప్పాక చాండ్లర్‌లో ఉన్న మా బంధువుల అబ్బాయి ఫోన్లో అడిగాడు, "బాబాయ్, మన దగ్గర ఇలాంటి 990 ఫారం ఉందా?" అని. షెడ్యూల్ ఎల్ అని దాంట్లో ఒక కాగితముంటుందట. సొంతవాళ్లతో చేసిన లావాదేవీలన్నీ అందులో రాయాలి. వాడు అదే చదువుతున్నాడు.

ఉందనీ లేదనీ చెప్పలేకపోయాను. మన దగ్గరా ప్రభుత్వ డబ్బు ప్రైవేటు విద్యాసంస్థలకి చాలా దారుల్లో పోతుంది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లకి ప్రభుత్వం డబ్బు కడుతుంది. 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఒకప్పుడు నేరుగా కాలేజీలకి వెళ్లేది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు. అమ్మ ఒడి కింద 2020లో ఇచ్చిన 15 వేలు కూడా ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అని చూడకుండా ఇచ్చారు. ఇక విద్యాసంస్థలున్న నాయకులంటారా, దాచిన సంగతేం కాదు, బస్సుల మీద పేర్లే రాసి ఉంటాయి. నారాయణ సంస్థలు స్థాపించిన పి. నారాయణ ఆంధ్రలో మునిసిపల్ మంత్రి. సీహెచ్ మల్లారెడ్డి తెలంగాణలో కార్మిక మంత్రిగా చేశారు. వీళ్లు తప్పు చేశారని కాదు, విద్యాశాఖ వీళ్ల చేతిలో లేదు కూడా. కానీ ఫీజుల మాట సభలో వచ్చినప్పుడు, సొంత కాలేజీ ఉన్న సభ్యుడెవరైనా "అయ్యా, ఇందులో నాకు స్వప్రయోజనం ఉంది" అని ముందుగా చెప్పడం మీరెప్పుడైనా విన్నారా?

రాజ్యసభలో సభ్యుల ఆర్థిక ప్రయోజనాలకి ఒక రిజిస్టరుంది. లోక్‌సభలో 371వ నిబంధన ఉంది. సొంత లాభమున్న విషయంలో ఒక సభ్యుడు ఓటేస్తే, ఆ ఓటు చెల్లదని అభ్యంతరం చెప్పొచ్చు. నిర్ణయం స్పీకర్‌ది. అయితే ఆ లాభం అతనికి విడిగా కలిగేదై ఉండాలి. ఒక వర్గం మొత్తానికి వచ్చేదైతే లెక్కలోకి రాదు. ఆరిజోనావాళ్లు పదిమంది అన్నారు, మనవాళ్లు అంకె వేయలేదు, అంతే తేడా. ఇంకోటి. అభ్యంతరం ఓటింగ్ అయిన వెంటనే, ఫలితం చెప్పకముందే లేవనెత్తాలి. అంటే ఆ కాస్త సమయంలో పక్క సీట్లో కూర్చున్నాయన లేచి నిలబడాలి.

ఆ పక్క సీట్లో ఆయనకీ ఒక కాలేజీ ఉందనుకోండి. ఎవరు లేస్తారు?

నమస్కారం.