స్టాప్ నొక్కినంత మాత్రాన మెషీన్ ఆగినట్టు కాదు

నమస్కారం. ఫ్యాక్టరీలో ఎవరికైనా దెబ్బ తగిలితే రిపోర్టులో "అజాగ్రత్త" అని ఒక్క మాట రాసి ఫైలు మూసేస్తుంటారు. ఆ మాటతో ఏమీ తేలదు. చెయ్యి లోపలికి ఎందుకు వెళ్లింది? అప్పుడు కరెంటు ఎందుకు ఉంది? మెషీన్ మీది గార్డు, అంటే రక్షణ కవచం, ఎప్పుడు ఊడదీశారు? అడగాల్సినవి ఇవీ.

ముందు ఈ కన్వేయర్ చూడండి. సరిగ్గా నడుస్తున్నంతసేపూ దీని జోలికి వెళ్లే పని ఎవరికీ లేదు. సరుకు ఇరుక్కుంటేనో, బెల్టు పక్కకు జరిగితేనో, రోలర్‌కి పట్టిన మడ్డి గీకాల్సి వస్తేనో చెయ్యి లోపల పెడతాం. బెల్టు రోలర్ మీదికి ఎక్కే ఈ సందు ఉంది చూశారూ, గుడ్డ అంచు అందినా చాలు, చేతిని కూడా లాగేసుకుంటుంది.

స్టాప్ నొక్కాం కదా అంటారా? స్టాప్ బటన్ ఆపేది కంట్రోల్ సర్క్యూట్‌ని. మెయిన్ సప్లై ప్యానెల్ దాకా వస్తూనే ఉంటుంది. అవతలి వైపు ఇంకొకరు స్టార్ట్ నొక్కారనుకోండి, లేదా లైను ఆటోలో ఉండగా మీ చెయ్యే సెన్సార్‌కి అడ్డం వచ్చిందనుకోండి, బెల్టు కదులుతుంది. ఎమర్జెన్సీ స్టాప్‌ని నమ్ముకుని కూడా రిపేరుకి దిగకూడదు.

చేయాల్సింది ఇదీ. లైను మీద ఉన్న అందరికీ చెప్పి మెషీన్ ఆపండి. ఐసొలేటర్, అంటే మెషీన్‌కి వచ్చే మెయిన్ సప్లైని తెంచే స్విచ్చి, ఆఫ్ చేసి దానికి మీ తాళం వేయండి. పేరు, టైము, చేస్తున్న పని రాసి ట్యాగు కట్టండి. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు పడాలి, ఎవరి తాళంచెవి వారి జేబులోనే ఉండాలి. తరవాత మిగిలిన శక్తి సంగతి: ఎయిర్ లైన్ ప్రెషర్ వదిలేయండి, ప్రెషర్‌తో నూనె నిలవుండే హైడ్రాలిక్ అక్యుములేటర్ ఖాళీ చేయండి, పైకెత్తి ఉన్న ర్యామ్ (ప్రెస్‌లో పైకీ కిందికీ కదిలే బరువైన భాగం) కింద బ్లాక్ పెట్టండి. మోటార్ వేగాన్ని నడిపే డ్రైవ్ పెట్టె మీద రాసినన్ని నిమిషాలు ఆగితే గానీ కెపాసిటర్లలో చార్జ్ దిగదు. కరెంటు పోయిందని చూసే మీటరు పెట్టే ముందు ఆ మీటరు పనిచేస్తోందో లేదో కరెంటున్న చోట చూడండి, కొలిచాక మళ్లీ అక్కడే చూడండి.

చివరగా స్టార్ట్ నొక్కండి. ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టే. ప్యానెల్ మీద పాత లేబుల్ ఉండి పక్క మోటార్ ఐసొలేటర్‌కి తాళం వేసి ఉంటే, అది బయటపడేది ఇక్కడే. మెషీన్ కదలకపోతే స్టార్ట్ స్విచ్చి మళ్లీ ఆఫ్‌లో పెట్టి పని మొదలెట్టండి.

ఇక బెంచ్ గ్రైండర్. చక్రానికీ, ముక్కని ఆనించే వర్క్ రెస్ట్‌కీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. చక్రం పైన మూతకి ఉండే నాలుక ప్లేటుకి 6 మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు. చక్రం అరిగేకొద్దీ ఈ సందు దానంతటదే పెరుగుతుంది, జరపడం ఎవరికీ గుర్తుండదు. ముక్క అందులో దిగబడితే చక్రం పగిలి పెంకులు ఎగురుతాయి. కొత్త చక్రం మీద రాసిన ఆర్‌పీఎం గ్రైండర్ ఆర్‌పీఎం కన్నా తక్కువ ఉండకూడదు. బిగించే ముందు స్క్రూడ్రైవర్ చెక్క పిడితో తట్టండి: ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే పగులుంది, పారేయండి. బిగించాక పక్కకు నిలబడి ఒక నిమిషం ఊరికే తిరగనివ్వండి.

డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర మాత్రం గ్లవ్స్ వద్దు. చాలామంది భద్రత అనుకుని తొడుక్కుంటారు. తిరిగే బిట్ గ్లవ్‌ని పట్టుకుందంటే వేలు దాంతోపాటే పోతుంది.

నిచ్చెన గురించి రెండే మాటలు. 4 మీటర్ల ఎత్తుకి ఆనిస్తే అడుగు గోడకి 1 మీటరు దూరంలో ఉండాలి. పైకప్పు మీదికి దిగేదైతే నిచ్చెన అంచు దాటి ఇంకో మీటరు పైకి ఉండాలి.

అన్నిటికన్నా మోసం చేసేది మనిషి లోపలికి దిగాల్సిన మూసిన ఇనప ట్యాంకు. తుప్పు పట్టే ఇనుమే లోపలి ఆక్సిజన్‌ని తినేస్తుంది, వాసనేమీ రాదు. గాలిలో మామూలుగా 20.9 శాతం ఉండే ఆక్సిజన్ 19.5 కన్నా తగ్గిందంటే దిగకూడదు. గ్యాస్ మీటరుని పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా పెట్టి చూడాలి, ఎందుకంటే హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువులు కిందికి దిగి కూర్చుంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌కి ఉండే కుళ్లిన గుడ్ల వాసన ఆగిపోయిందని ధైర్యపడకండి, ఆ గ్యాస్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. లోపలివాడు పడిపోతే పైనున్నవాడు ఆత్రంగా దిగి తనూ పడిపోవడం ఇలాంటి చోట మళ్లీ మళ్లీ జరిగేదే. అందుకే దిగే ముందే ఒంటికి కట్టే హార్నెస్, మూడు కాళ్ల ట్రైపాడ్, తాడు చుట్టి పైకి లాగే వించ్ తగిలించి ఉండాలి. బయట కాపలా ఉన్నవాడి పని వించ్ తిప్పడం, రెస్క్యూ టీమ్‌ని పిలవడం. అతను మ్యాన్‌హోల్‌లో తల కూడా పెట్టకూడదు.