ఆ బొమ్మ ఎవరిది?

శ్రోతలందరికీ నమస్కారం.

ఒడిశాలోని మా బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. చైత్రమాసంలో అమ్మవారు గుడి విడిచి దేశీ బెహెరా వీధికి, తన పుట్టింటికి వస్తుంది. ఇక ఇంచుమించు నెలరోజులు ఊరు నిద్రపోదు. రాత్రిపూట ఘటాలు ఊరేగుతాయి. మొక్కుకున్నవాళ్లు రకరకాల వేషాలు కట్టి వీధులన్నీ తిరుగుతారు. ఈ యాత్రకు పెద్దరికం మన తెలుగు దేవాంగులది. ఒడియావాళ్లు వాళ్లని డేరా అంటారు. బరంపురం పట్టుచీరలు నేసేదీ వాళ్లే.

20 ఏళ్ల కిందటి మాట. ఆ యాత్ర మీద ఒక డాక్యుమెంటరీ తీశాను. తెర మీద నిర్మాతగా నా పేరు పడడం అదే మొదలు. ఎవరి కంపెనీలోనూ ఉద్యోగం చేయకుండా, సొంతంగా సినిమాలూ టీవీ కార్యక్రమాలూ తీస్తూ బతకడం గురించి మాట్లాడమన్నప్పుడు, ముందు ఆ బొమ్మే గుర్తొచ్చింది.

నిర్మాత అంటే డబ్బున్నవాడని చాలామంది అనుకుంటారు. నా దగ్గర అప్పుడు డబ్బు లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చాను. అంటే నెల తిరిగేసరికి 6 వేలు. కెమెరా విశాఖపట్నం నుంచి అద్దెకు వచ్చింది. దాంతోపాటు కెమెరామన్, అసిస్టెంటు, లైట్ల మనిషి వచ్చారు. వాళ్లకి రైలు టికెట్లు, గది, భోజనం, రోజువారీ ఖర్చులకిచ్చే బేటా అన్నీ నేనే చూడాలి. షూటింగ్ ఒకరోజు ఆగినా బేటా ఆగదు. ఒక రాత్రి మా టేపులు అయిపోయాయి. ఘటాలు మా ముందు నుంచే వెళ్లిపోయాయి. మామూలు షూటింగైతే మర్నాడు మళ్లీ తీస్తాం. అమ్మవారిని మర్నాడు రమ్మనలేం కదా! ఆ ఒక్క దృశ్యం కావాలంటే రెండేళ్లు ఆగాలి. ఎన్ని టేపులు పట్టుకెళ్లాలో లెక్క వేయవలసినవాడిని నేనే. ఆ తప్పు నాది.

బొమ్మ పూర్తయ్యాక దాన్ని పట్టుకుని తిరిగాను. అప్పు చేసిన ఎనిమిది నెలలకు ఒక టీవీ సంస్థ కొంటానంది. 3 లక్షల 40 వేలు ఇస్తామన్నారు. అప్పటికి వడ్డీయే 48 వేలయింది. 8 వేలు నష్టమొచ్చినా పరవాలేదు, అప్పు టెన్షన్ తీరుతుంది, జనం చూస్తారు అనుకున్నాను. వాళ్లిచ్చిన కాగితం ఒక్క పేజీ. సంతకం పెట్టాను. రెండుసార్లు ప్రసారం చేశారు. ఆ తర్వాత దాని ఊసు లేదు.

తర్వాతి యాత్ర వచ్చింది. దేశీ బెహెరా వీధిలో ఒక ముసలాయన నన్ను ఆపాడు. మా బొమ్మలో మగ్గం ముందు కూర్చుని అరగంట మాట్లాడినాయన. "ఏటి బాబూ, మా బొమ్మ మాకు చూపించవేటి?" అన్నాడు. టీవీలో వేసిన రోజు వాళ్ల వీధిలో కరెంటు లేదట. వీధిలో తెర కట్టి వేస్తానని మాటిచ్చాను. అనుమతి కోసం ఆ సంస్థకు ఉత్తరం రాశాను. కుదరదన్నారు. అప్పుడు ఆ కాగితం తీసి మొదటిసారి పూర్తిగా చదివాను. అన్ని హక్కులూ, అన్ని మాధ్యమాల్లోనూ, ప్రపంచమంతటా, శాశ్వతంగా వాళ్లవే అని ఉంది. నేను అప్పు చేసి తీసిన బొమ్మను మా వీధిలో చూపించుకునే అధికారం నాకు లేదు. ఆ ముసలాయన దాన్ని చూడకుండానే పోయాడు. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకు గొంతు పట్టుకుంటుంది.

ఆ తర్వాతే నేను చట్టం చదవడం మొదలుపెట్టాను. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. సినిమాకు కర్త ఎవరు అన్నచోట ఆ చట్టం నిర్మాత పేరే చెబుతుంది. విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి లెక్కేసి 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. అయితే ఇంకొకరు మనకు డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే అవుతారు. నా విషయంలో డబ్బు నాది, కాబట్టి హక్కూ నాదే. నేనే రాసిచ్చేశాను. ఇంకో సంగతి కూడా ఆ చట్టంలోనే ఉంది. హక్కులు ఎంతకాలానికి ఇస్తున్నామో కాగితంలో రాయకపోతే 5 ఏళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు. అందుకే కొనేవాళ్లు 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అనే రెండు మాటలు మరిచిపోకుండా రాయించుకుంటారు. ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు నా దగ్గరికి వస్తే, కెమెరా గురించి కంటే ముందు ఈ రెండు మాటల గురించే చెబుతాను.

టీవీలో పనిచేసే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఛానెలే డబ్బిచ్చి చేయించుకునేది ఒకటి. ఎపిసోడ్‌కి ఇంత అని ఇస్తారు. నష్టభయం తక్కువ, హక్కు మాత్రం మనకు మిగలదు. దూరదర్శన్‌లో స్పాన్సర్డ్ కార్యక్రమాలని ఉండేవి. 1984లో వచ్చిన 'హమ్ లోగ్' సీరియల్‌తో ఆ పద్ధతి దేశమంతా తెలిసింది. నిర్మాత ప్రసారానికి రుసుము కడతాడు. బదులుగా దూరదర్శన్ ప్రకటనలకు కొంత సమయం ఇస్తుంది. ఆ సెకన్లు అమ్ముకుని ఖర్చు రాబట్టుకోవాలి. ప్రకటనలు రాకపోతే మునిగినట్టే. వస్తే మాత్రం డబ్బుతోపాటు బొమ్మ కూడా మన చేతిలో ఉంటుంది. నేను రెండూ చేశాను. ఇల్లు గడవడానికి మొదటిది చేశాను, మనసుకు నచ్చింది తీయడానికి రెండోది.

నిర్మాతకు సొంత అభిరుచి ఎక్కడ ఉంటుంది, అది దర్శకుడి పని కదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఏడిద నాగేశ్వరరావు గారిని చూడండి. నాటకాల నుంచి వచ్చిన మనిషి. పూర్ణోదయ అనే సంస్థ పేరుతో తీసిన సినిమాలు పది దాకా, అంతే. 'శంకరాభరణం' విశ్వనాథ్ గారిది, 'సీతాకోకచిలుక' భారతీరాజా గారిది, 'సితార' వంశీ గారిది. ముగ్గురు దర్శకులు, మూడు దారులు. అయినా మూడూ ఒకే ఇంట్లో పుట్టిన పిల్లల్లా ఉంటాయి. ఆ పోలిక నిర్మాత నుంచి వచ్చిందే. 1980 ఫిబ్రవరి 2న 'శంకరాభరణం' విడుదలైంది. కథానాయకుడు స్టార్ కాదు. నాటకాలాడే డిప్యూటీ కలెక్టరు, మనకు పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లా మనిషి సోమయాజులు గారు. పాటలన్నీ శాస్త్రీయం. అలాంటి దాని మీద డబ్బు పెట్టడానికి ఎంత గుండెధైర్యం కావాలో అప్పు చేసి బొమ్మ తీసినవాడికి తెలుస్తుంది. ఆ సినిమా గురించి మాట్లాడేటప్పుడు ముందు నాగేశ్వరరావు గారి పేరు చెప్పాలని నేనెప్పుడూ అంటాను.

మా సరిహద్దు ఊళ్లలో పనిచేసేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో ఒడియా చదువుతాం. పర్లాకిమిడి అయినా, రాయగడ అయినా, జయపురం అయినా ఇదే. నేనొక టెలిఫిల్మ్ తీసినప్పుడు నటులందరూ బరంపురం తెలుగువాళ్లే. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం రాదు. డైలాగులన్నీ ఒడియా లిపిలో రాయించి ఇచ్చాం. మొదటిరోజు సగం పూట ఆ రాతకే పోయింది. తర్వాత ఎంత బాగా చెప్పారో! మా వీధుల్లో వినబడే తెలుగు అచ్చంగా అలాగే వచ్చింది. హైదరాబాదు నుంచి డబ్బింగ్ వాళ్లని తెచ్చుకుంటే అది వచ్చేది కాదు.

మళ్లీ యాత్ర మీద బొమ్మ తీశాను. ఈసారి అప్పు చేయలేదు. ఛానెల్ పనుల్లో మిగిలిన డబ్బు నాలుగేళ్లు కూడబెట్టాను. టేపుల బాధ ఇప్పుడు లేదు, మెమరీ కార్డులొచ్చాయి. మాట్లాడిన ప్రతి మనిషి దగ్గరా అనుమతి పత్రం తీసుకున్నాం. పత్రం తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చు వేయించి, సంతకానికి ముందు ఒక కుర్రాడు గట్టిగా చదివి వినిపించేవాడు. మొదటిసారి నాకెవరూ అలా చదివి వినిపించలేదు. నేను ఇంకొకరికి ఆ అన్యాయం చేయకూడదనుకున్నాను.

అయినా ఒక ఇబ్బంది తప్పలేదు. ఊరేగింపులో బ్యాండువాళ్లు ఆ ఏడాది హిట్టయిన సినిమా పాట వాయించారు. ఘటాలు కదిలే మంచి దృశ్యం వెనుక అదే పాట. బొమ్మ బయట అమ్మాలంటే ఆ పాట హక్కుదారుల అనుమతి కావాలి. వాళ్లడిగిన డబ్బు మా మొత్తం ఖర్చులో సగం. చివరికి ఆ శబ్దం తీసేసి, అదే వీధి డప్పులవాళ్లని పిలిపించి, మళ్లీ వాయించి రికార్డు చేశాం. వాళ్లకి డబ్బు ముందే ఇచ్చాం. వాళ్ల పేర్లు తెర మీద వేశాం.

ఈ బొమ్మను ఒక సంస్థకు 3 ఏళ్లకు, టీవీ ప్రసారానికి మాత్రమే ఇచ్చాను. మొదటి దానికంటే తక్కువ డబ్బే వచ్చింది. ఊళ్లలో తెర కట్టి చూపించే హక్కు నా దగ్గరే ఉంచుకుంటున్నానని కాగితంలో ఒక వాక్యం ప్రత్యేకంగా రాయించాను.

ఆ ఏడాదే దేశీ బెహెరా వీధిలో రెండు వెదురు గుంజలు పాతి తెల్లటి తెర కట్టాం. ఆడవాళ్లు ఇళ్ల అరుగుల మీద కూర్చున్నారు. మగ్గం ముందు కూర్చుని నాతో మాట్లాడిన ఆ ముసలాయన కోడలు ముందు వరుసలో చాప వేసుకుంది. తెర మీద తమ ఇల్లు కనబడగానే పక్కనున్న ఆయన మనవడి భుజం తట్టి, "అదిగో, తాతయ్య మగ్గం" అంది.