సెలవుల తర్వాత వచ్చిన మూడు పుస్తకాలు: ఒక చిన్న ప్రచురణ సంస్థ కొత్త జాబితా

నమస్కారం. వేసవి సెలవులు ముగిశాక ఒక చిన్న ప్రచురణ సంస్థ విడుదల చేసిన మూడు పుస్తకాలను ఈ వీడియోలో పరిశీలిద్దాం. పేర్లూ ముఖచిత్రాలూ తెరమీద కనిపిస్తూనే ఉంటాయి కనుక నేను వాటిని పదేపదే చెప్పను. మూడింటినీ నేను కొనుక్కునే చదివాను.

సెలవుల తర్వాత పుస్తకాలు తేవడం కొంత సాహసమే. ఫ్రాన్సులో ఈ కాలానికి 'రాంత్రే లిటరేర్' (సెలవుల తర్వాత మొదలయ్యే సాహిత్య సీజను) అని పేరే ఉంది. ఆగస్టు చివరలో మొదలై కొద్ది వారాల్లోనే కొన్ని వందల నవలలు విడుదలవుతాయి. 1903 నుంచి ఇస్తున్న ప్రసిద్ధ ఫ్రెంచి సాహిత్య పురస్కారం గోంకూర్ బహుమతిని నవంబరులో ప్రకటిస్తారు కాబట్టి, పెద్ద సంస్థలు తమ ముఖ్యమైన నవలలను అప్పటికే పాఠకుల ముందు ఉంచుతాయి. అంత రద్దీలో ఒక చిన్న సంస్థ పుస్తకం దుకాణం బల్లమీద నాలుగు వారాలు నిలవడమే గగనం. అందుచేత, చేతికొచ్చిన రాతప్రతులన్నిటినీ అచ్చువేయకుండా మూడింటితో ఆగడం మంచి నిర్ణయమని నా అభిప్రాయం. కాకపోతే మూడే ఉన్నప్పుడు ఏ ఒక్కదానిలో అశ్రద్ధ జరిగినా ఇట్టే బయటపడుతుంది.

మూడింటిలో నాకు బాగా నచ్చినది అనువాద నవల. అనువాదకురాలి పేరును రచయిత పేరుతో సమానమైన అక్షరాలలో ముఖచిత్రం మీదనే వేశారు. లోపలి పేజీలో చిన్న అక్షరాలతో సరిపెట్టే అలవాటు ఇంకా పోని రోజుల్లో ఇది గమనించదగిన విషయం. మూలంలోని పొడవైన వాక్యాలను ఆమె ముక్కలు చేయలేదు. క్రియ కోసం వాక్యం చివరి దాకా వేచి ఉండడం మన భాషకు సహజమే కనుక, ఆ నిరీక్షణనే ఆమె కథలోని ఉత్కంఠగా మలచుకున్నారు. సంభాషణల్లో మాత్రం ఒకటి రెండు చోట్ల తడబాటు ఉంది: నవల సగం దాకా 'మీరు' అనుకున్న ఇద్దరు పాత్రలు, ఏ కారణమూ లేకుండా ఒక అధ్యాయంలో 'నువ్వు' లోకి దిగి, తర్వాతి అధ్యాయంలో మళ్ళీ 'మీరు' కు వచ్చారు. ఇది అనువాదకురాలి కన్నా సంపాదకుడు పట్టుకోవలసిన పొరపాటు.

పుస్తకం తయారీ కూడా చూడండి. ఫారానికి, అంటే మడిచే ఒక్కో పెద్ద కాగితానికి, 16 పేజీల చొప్పున అచ్చువేసి, మడిచి, దారంతో కుట్టారు. అందుకే పూర్తిగా తెరిచి బల్లమీద పెట్టినా వెన్ను విరగదు. కథనం 170వ పేజీలో ముగిసినా, 11 ఫారాలు కలిస్తే 176 పేజీలు కనుక మిగిలిన 6 పేజీలను సంస్థ తన పాత పుస్తకాల జాబితాకు వాడుకుంది. ఆఫ్‌సెట్ ముద్రణలో పేజీలను అచ్చువేసే లోహపు ప్లేట్ల ఖర్చు 300 ప్రతులకైనా 3,000 ప్రతులకైనా ఒకటే కాబట్టి, తక్కువ ప్రతులు వేసేవారికి ఒక్కో ప్రతి మీద భారం పెరుగుతుంది. అలాంటప్పుడు కుట్టు మానేసి జిగురుతో సరిపెట్టుకోవాలనిపించడం సహజం. వీరు ఆ పని చేయకపోవడం సంతోషం.

ఇంత శ్రద్ధ రెండో పుస్తకమైన పాత వ్యాసాల పునర్ముద్రణలో లేకపోవడమే నాకు బాధ కలిగించింది. వ్యాసాలు విలువైనవే, కాని ఏ వ్యాసం ఏ సంవత్సరంలో మొదట అచ్చయిందో ఎక్కడా చెప్పలేదు. 'ఈ మధ్య జరిగిన చర్చ' అని వ్యాసకర్త అన్నప్పుడు, ఆ 'ఈ మధ్య' ఏ దశాబ్దమో పాఠకుడు ఊహించుకోవలసిందే. చివర పదసూచిక లేదు. పాత ఫాంటులో కంపోజు చేసిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫులు సరిగా దిద్దకుండా వదిలేసినట్టున్నారు. కొన్ని పేజీల్లో ఒత్తులు తమ అక్షరాలను వదిలి పక్క అక్షరాల కిందికి చేరాయి.

మూడోది ఒక కొత్త రచయిత కథల సంపుటి. పన్నెండు కథల్లో నాలుగు నిలుస్తాయి, మిగిలినవి సాధన దశలోనివి. ముందుమాట కథలన్నిటి ముగింపులనూ చెప్పేస్తుంది కనుక దానిని ఆఖరున చదవండి.

నవలను ఇప్పుడే కొనవచ్చు. వ్యాసాల పుస్తకం విషయంలో మాత్రం, దిద్దిన రెండో ముద్రణ వచ్చేదాకా ఆగమని నా సలహా.