నవలను బొమ్మల్లోకి దించడం: గోదావరికి ఒక్క గడి చాలు

[తెర మీద: శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ. కెమెరా ఒక వరస వెంట మెల్లగా జరుగుతుంది]

మధ్యలో పట్టాభిషేకం. చుట్టూ వరసల్లో చిన్న చిన్న గళ్లు, వాటితో పాటు తెలుగు అక్షరాలు. బొమ్మల కథ మనకేం కొత్త కాదబ్బా!

[పాత నవల మొదటి పేజీ]

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1880లో పుస్తకమైంది. మొదటి ప్రకరణంలోనే కథ జరిగే ధవళేశ్వరంలోని ధవళగిరి కొండ, గోదావరి వర్ణన. అంతా గ్రాంథికం. తొమ్మిదో తరగతి పిల్లోడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. కామిక్‌లో ఆ వర్ణన పేజీ వెడల్పున ఒక్క గడి: కొండ, గుడి, ఏరు. పిల్లోడు నేరుగా కథలోకి దిగుతాడు.

అయితే రాతలో దాటేసింది బొమ్మలో దాటలేం. ‘వసారాలో కూర్చున్నాడు’ అని రాసేయొచ్చు. గీసేటప్పుడు స్తంభం చెక్కదా, రాయిదా తేల్చాలి.

[ఖాళీ పేజీ, ఐదు గళ్లు]

పేజీకి 5 గళ్లు, గడికి 20 మాటలు అనుకోండి. 120 పేజీలకు 12,000 మాటలే. అందుకే ముందు సంభాషణల కింద గీతలు గీయండి. వర్ణన బొమ్మకు వదిలేయండి. రచయిత ఎత్తిపొడుపులు మాత్రం గడి పైన పెట్టెలో ఉంచండి. అవి పోతే మిగిలేది ఉత్త కథే.

[‘స్త్రీ’ అక్షరం దగ్గరగా]

బొమ్మకన్నా ముందు మాటలు పేర్చండి. ‘స్త్రీ’ చూడండి: పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. వరసల మధ్య ఎడం చాలకపోతే ఈ వత్తు కింది వరసను గుద్దుతుంది. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వండి. ఫోటోషాప్‌లో వత్తులు ఊడి పక్కన పడితే ఫాంటును తిట్టొద్దు, టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టండి. మాటలు పెట్టే బెలూన్లకు మండలి ఫాంటు బాగుంటుంది. ధూర్జటి ఫాంటు మన కాళహస్తి కవి పేరుదే కానీ, అట్ట మీది పేరుకే పనికొస్తుంది.

ఇంకోటి. తిరుపతి పిల్లోళ్లకు దగ్గరవుతుందని ధవళేశ్వరం మనుషుల చేత ‘ఏందిరా నాయనా’ అనిపించారో, కథ మునిగినట్టే.

అదే నవలను ఆడియోగా చేస్తే లెక్క తిరగబడుతుంది: తీసేసిన వర్ణనే మళ్లీ కావాలి.

[పుస్తకాల అర]

హక్కులు చూసుకోండి. రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లదాకా అవి ఉంటాయి. వీరేశలింగం 1919లో పోయారు, అడ్డు లేదు. మన చిత్తూరు జిల్లా కథకుడు మధురాంతకం రాజారాం 1999లో పోయారు. ఆయన రచనలకు 2059 చివరిదాకా హక్కులుంటాయి. పెన్సిల్ పట్టకముందే హక్కుదారుల దగ్గర రాతమూలకంగా అనుమతి తీసుకోండి.