మునిగిన కారుకి సెల్ఫ్ కొట్టకండి బాబూ

[ఏటిగట్టు మీద. వెనకాల గోదావరి. గట్టు పొడవునా గేదెలు కట్టేసి ఉన్నాయి.]

నమస్కారమండీ. వెనక చూస్తున్నారుగా, ఎర్రనీరు వచ్చేసింది. భయపడేంత ఇంకా లేదు గానీ గేదెలు అప్పుడే గట్టెక్కేశాయి. కార్లు మాత్రం పెరట్లోనే ఉన్నాయి. ఎందుకంటే, "ఇన్సూరెన్స్ ఉందిగా" అని ధీమా. అదే వరద తగ్గాక ఆ నోటితోనే "వరదకి ఇన్సూరెన్స్ ఇవ్వరండీ, అంతా మోసం" అంటారు. ఏటా ఈ మాట వినీ వినీ ఒళ్లు మండి ఈ వీడియో చేస్తున్నాను.

ఇస్తారండీ. మనం ఫుల్ ఇన్సూరెన్స్ అంటామే, దాంట్లో వరద, తుఫాను, ముంపు అన్నీ ఉంటాయి. ఇవ్వనిది వేరే. అదేంటో మా బావ కారు మీద చెప్తాను.

2022 జూలై. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, గుర్తుందిగా. బావ కారు పెరట్లో సీట్ల దాకా మునిగింది. నీళ్లు తీశాక నేను వెళ్లేసరికి లుంగీ ఎగ్గట్టి, పైపుతో కారు కడిగేస్తున్నాడు. "ఫోటోలు తీశావా బావా?" అంటే, "ఫోటోలెందుకురా, ఒండ్రు ఎండితే వదలదు" అన్నాడు. కడగడం అయ్యాక కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. టక్ మని ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ టక్. మూడోసారి ఇంజిన్ అందుకుంది, రెండు దగ్గులు దగ్గింది, ఆ తర్వాత లోపల సుత్తితో కొట్టినట్టు ఒక్క చప్పుడు. అంతే. పక్కింటాయన గోడ మీంచి చూసి, "ఇంకోసారి కొట్టండి, అందుకుంటుంది" అన్నాడు! ఇలాంటి సలహాదారులు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు.

క్లెయిమ్‌లో సీట్లకి, వైరింగ్‌కి, కార్పెట్‌కి డబ్బులొచ్చాయి. ఇంజిన్‌కి రూపాయి రాలేదు. బావ ఇప్పటికీ ఆ కంపెనీని తిడతాడు. కంపెనీల్ని వెనకేసుకు రావాలని నాకేం సరదా లేదు. వాళ్ల ఫోన్‌లో ఆ మ్యూజిక్ ముప్పావుగంట విన్నవాణ్ణి నేను. కానీ ఈ ఒక్క విషయంలో వాళ్ల లెక్క ఏంటో చూడండి.

కోతలప్పుడు వానొచ్చి కళ్లంలో ధాన్యం తడిసింది. ఆ నష్టం వానది, కాదనేవాడు లేడు. ఇప్పుడు ఆ ధాన్యాన్ని బరకాల మీద ఆరబోయకుండా, "బియ్యం అవుతాయేమో చూద్దాం" అని పచ్చిగానే మిల్లులో పోశారనుకోండి. ఏమొస్తుంది? నూక. మరి ఆ నూక వాన చేసిందా, మీరు చేశారా?

కారు మునగడం అంటే ధాన్యం తడవడం. సెల్ఫ్ కొట్టడం అంటే మిల్లు ఆడించడం. తడిసినదానికి కంపెనీ ఇస్తుంది, నూకకి ఇవ్వదు. వాళ్ల భాషలో ఆ నూక పేరు కాన్సిక్వెన్షియల్ లాస్.

లోపల నిజంగా జరిగేది ఇదీ. సిలిండర్‌లో పిస్టన్ పైకొస్తూ గాలిని నొక్కుతుంది. పెట్రోల్ బండిలో దాదాపు పదో వంతుకి నొక్కేస్తుంది. గాలి కాబట్టి నలుగుతుంది. నీళ్లు నలగవు. ఒక సిరంజిలో నీళ్లు నింపి, మూతికి వేలు అడ్డం పెట్టి నొక్కండి, మీకే తెలుస్తుంది. పైన పిస్టన్ నీళ్లకి తగిలి ఆగిపోయింది, కింద దాన్ని నడిపే క్రాంక్ ఇరుసు తిరుగుతూనే ఉంది. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ ఏమవ్వాలి? వంగుతుంది. లేదా విరిగి ఇంజిన్ బ్లాక్‌ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. మెకానిక్కులు హైడ్రోలాక్ అనేది దీన్నే. బావ కారు విప్పినప్పుడు ఆ రాడ్ చేత్తో పట్టుకున్నాను, కొడవలిలా వంగిపోయింది.

కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే "మనది పెద్ద బండి" అని దూకించేవాళ్లూ వినండి. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం చాలా బళ్లలో ముందు గ్రిల్లు వెనకే ఉంటుంది. స్పీడ్‌గా వెళ్తే ముందు అల లేచి నేరుగా అందులోకే పోతుంది. మధ్యలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. దిగి తోయించుకోండి, లేదా వదిలేసి గట్టెక్కండి. ప్రాణం కన్నా బండి ఎక్కువ కాదు.

ఇంజిన్‌కి కూడా రావాలంటే ఇంజిన్ ప్రొటెక్ట్ అని ఒక యాడ్-ఆన్ ఉంటుంది, పాలసీ తీసుకునేటప్పుడే కొంచెం ఎక్కువ కట్టాలి. నన్నడిగితే లంకల్లో, ఏటి పక్క ఊళ్లలో ఉండేవాళ్లు సీటు కవర్ల డబ్బులు మానుకుని అయినా అది తీసుకోవాలి. దాంట్లోనూ షరతులుంటాయి, నీళ్లలో బండిని పదేపదే స్టార్ట్ చేస్తే పేచీ రావచ్చు. అంటే అది ఉన్నా సరే, పచ్చి ధాన్యం మిల్లులో పోయకండి.

[స్క్రీన్ మీద పాలసీ కాగితం, తేదీల దగ్గర ఎర్ర గీత]

ఇప్పుడు ఇంకో గొయ్యి. కొత్త కారు కొన్నప్పుడు షోరూమ్‌లో "మూడేళ్ల ఇన్సూరెన్స్ అండీ" అంటారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకి మూడేళ్లది తప్పనిసరి, నిజమే. కానీ అది థర్డ్ పార్టీ. మీ బండి ఎదుటివాడికి చేసిన నష్టానికి. మీ బండికి వచ్చే నష్టం, అంటే ఓన్ డ్యామేజ్, చాలాసార్లు ఒక్క ఏడాదే ఉంటుంది. రెండో ఏడు వరదొస్తే అప్పుడు కాగితం తీసి చూసి లబోదిబోమంటారు. ఈ వీడియో ఇక్కడ ఆపి, మీ కాగితంలో ఓన్ డ్యామేజ్ తేదీ చూసుకోండి. నేను ఎక్కడికీ పోను.

సరే, కారు మునిగింది. ఏం చేయాలి? ముందు కడగొద్దు. తలుపు మీద ఒండ్రు గీత పడుతుంది చూడండి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పే సాక్షి అదే. కార్పెట్ దాకానా, సీటు దాకానా, డ్యాష్‌బోర్డు దాకానా అన్నదాని మీదే లెక్కంతా మారిపోతుంది. నాలుగు వైపుల నుంచీ, నంబర్ ప్లేటు కనపడేలా, లోపల కూడా ఫోటోలు, వీడియో తీయండి. నీళ్లు ఉండగానే ఇంటి మేడ మీంచి తీస్తే ఇంకా మంచిది. తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు విప్పేయండి. ఎలక్ట్రిక్ కారైతే మాత్రం మీరేమీ ముట్టుకోకండి. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. కరెంటు లేక, సిగ్నల్ లేక ఆలస్యమైతే కంగారు పడకండి. సరైన కారణం ఉంటే ఆలస్యం ఒక్కటే చూపించి తోసిపుచ్చొద్దని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకి చెప్పింది.

బండిని తాడు కట్టి లాక్కెళ్లకుండా, ట్రక్కు మీదకి ఎక్కించి పంపండి. ఆటోమేటిక్ గేర్ బండికి ఇది మరీ ముఖ్యం. సర్వేయర్ చూసేదాకా షెడ్డులో ఒక్క బోల్టు విప్పనివ్వొద్దు. సర్వేయర్ అంటే ఎవరు? నష్టం ఎంతో చూసి లెక్కగట్టే మనిషి. ధాన్యం కొనేచోట తేమ మిషన్ పట్టుకుని వస్తాడు చూడండి, అలాంటాయనే. 17 శాతం దాటిందా లేదా అని ఆయన మిషన్ చెప్పాలి, మనం నోటితో చెప్తే కుదరదు. అందుకే ఆయన వచ్చేసరికి కుప్ప కదపకూడదు.

తేమ చూశాక ఏముంటుంది? తరుగు! ఇక్కడా అంతే. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ లాంటివాటికి సగం కోస్తారు. 8,000 బంపర్‌కి మీకొచ్చేది 4,000. ఇనప సామానుకి బండి వయసుని బట్టి కోత: ఏడాది దాటి రెండేళ్ల లోపైతే 10 శాతం, అయిదేళ్లు దాటి పదేళ్ల లోపైతే 40. అద్దాలకి కోత లేదు. జీరో డెప్ అంటే ఈ తరుగు లేని బేరం. ఆ పైన ప్రతి క్లెయిమ్‌లోనూ కోసుకునే హమాలీ ఖర్చులాంటిది ఒకటుంది, 1500 సీసీ లోపు కారుకి 1,000, దాటితే 2,000. అది మన జేబులోంచే.

[కెమెరా మీద రెండు చినుకులు]

అయ్యో, మొదలైంది. త్వరగా చెప్పేస్తాను. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన ఐడీవీలో, అంటే మీ బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే టోటల్ లాస్. ఐడీవీ 6 లక్షలైతే, నాలుగున్నర దాటితే బండి పోయినట్టే లెక్క. లోన్ ఉంటే ఆ డబ్బు ముందు బ్యాంకుకి పోతుంది. క్లెయిమ్ తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. 50 శాతం బోనస్ ఉండి, కార్పెట్ మాత్రమే తడిస్తే క్లెయిమ్ చేయాలా వద్దా లెక్కేసుకోండి. కానీ సీటు దాకా వస్తే ఆలోచించొద్దు. ఒండ్రు వైరింగ్ కనెక్టర్లలో చేరి, రెండు నెలలకి పచ్చగా చిలుము పట్టి అప్పుడు ఏడిపిస్తుంది. "సీట్లు ఎండబెడితే చాలు" అనే షెడ్డు నుంచి బండి తెచ్చేయండి.

కంపెనీ కాదంటే? ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఏడాది లోపు రాయాలి. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. యానాం వాళ్లూ, మీరు పుదుచ్చేరి వెళ్లక్కర్లేదు, మీదీ హైదరాబాదే.

ధవళేశ్వరం మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కుల దగ్గర ఇస్తారు. కారు గట్టెక్కించాల్సింది అప్పుడే. రెండోది 13 లక్షలు. అప్పటికి గట్టు మీద చోటు దొరకదు, గేదెల మధ్య ఇరికించుకోవాలి... ఒరేయ్, గొడుగు పట్టు, ఫోన్ తడిసిపోతోంది! ఉంటానండీ.