స్టెంట్ తర్వాత ఏ బిళ్ల? క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్

నమస్కారమండీ. "పక్కింటాయనకి ఖరీదైన బిళ్ల రాశారు, మా నాన్నకేమో చవకది రాశారు, ఎందుకు?" స్టెంట్ వేయించుకున్నవాళ్ల ఇళ్లలో తరచూ వచ్చే ప్రశ్న ఇది.

స్టెంట్ అంటే లోహపు జాలీ. దాని మీద రక్తనాళం లోపలి పొర పెరిగేదాకా ప్లేట్‌లెట్లు అక్కడ గుమిగూడి గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే ఆస్పిరిన్‌తో పాటు ఇంకో బిళ్ల ఇస్తారు. పోలికంతా ఆ రెండోదాని గురించే.

ఈ స్ట్రిప్ చూడండి. క్లోపిడోగ్రెల్ 75, ఆస్పిరిన్ 75, రెండూ ఒకే క్యాప్సూల్లో. రోజుకొకటి చాలు. చిక్కల్లా, క్లోపిడోగ్రెల్ లివర్‌లో మారితేనే పనిచేస్తుంది. మార్చే ఎంజైమ్ మన దక్షిణాసియావాళ్లలో చాలామందికి మందకొడిగా ఉంటుంది. గ్యాస్ బిళ్ల ఒమెప్రజోల్ కూడా దానికి అడ్డే, అందుకే ఎక్కువగా పాంటాప్రజోల్ రాస్తారు.

ప్రాసుగ్రెల్‌కి ఆ తంటా తక్కువ. 2007లో వచ్చిన ట్రైటన్ అధ్యయనంలో, స్టెంట్‌లో గడ్డలు క్లోపిడోగ్రెల్‌తో 2.4 శాతం, దీంతో 1.1 శాతం. కానీ రక్తస్రావం పెరిగింది. ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్లకి ఇది అస్సలు ఇవ్వకూడదు. 75 ఏళ్లు దాటినా, బరువు 60 కిలోలకి తక్కువున్నా ఆచితూచి ఇస్తారు.

టికాగ్రెలార్ 90, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. 2009 ప్లేటో అధ్యయనంలో, క్లోపిడోగ్రెల్‌తో పోలిస్తే గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు 5.1 నుంచి 4 శాతానికి తగ్గాయి. అయితే దీని పట్టు తాత్కాలికం, రాత్రి డోసు మరిచిపోతే ప్రభావం సడలుతుంది. ఇంకోటి, ఆయాసం. నూటికి 14 మందికి వచ్చింది. మళ్లీ గుండెపోటేమోనని హడలిపోతారు పాపం! చాలామందిలో స్వల్పంగానే ఉంటుంది. అయినా మందు వల్లేనని మీరే తేల్చేసుకుని మానేయకండి, డాక్టరుకి చూపించండి. 2019లో ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ రెండింటినీ ముఖాముఖి పోలిస్తే, అందరి అంచనాకి భిన్నంగా ప్రాసుగ్రెల్ గెలిచింది.

గుండెపోటుతో వచ్చి స్టెంట్ పడితే సాధారణంగా ఈ రెండింట్లో ఒకటి. ముందే అనుకుని వేయించుకున్న స్టెంట్‌కి, రక్తస్రావం భయం ఉన్నవాళ్లకి క్లోపిడోగ్రెలే సరైనది. అంటే మీ నాన్నగారికి తక్కువ మందేమీ ఇవ్వలేదండీ.

ఎన్నాళ్లంటారా? గుండెపోటు తర్వాత సాధారణంగా ఏడాది, మిగతావాళ్లకి ఆరు నెలలు. ఈలోగా పన్ను పీకించుకోవాల్సి వస్తే చాలాసార్లు మందు ఆపకుండానే పీకుతారు. ఆపి రమ్మంటే మాత్రం, ముందు మీ గుండె డాక్టరుకి ఫోన్ కలిపి వాళ్లిద్దరినీ మాట్లాడుకోనివ్వండి.